ఎల్క్ వేట: స్కోప్ ముందా, బైనాక్యులర్స్ ముందా?

ప్రశ్న: అక్టోబరులో నేనూ మా బావమరిదీ అమెరికాలోని కొలరాడోకి మొదటిసారి ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నాం. రైఫిల్‌కి 3-9x40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెంచి చూపే, 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న గురి దుర్భిణి) ఉంది. దాన్ని మార్చి పెద్దది కొనాలా? స్పాటింగ్ స్కోప్ (చాలా దూరం చూసే ఒంటికంటి దుర్భిణి) కూడా మోసుకెళ్లాలా?

జవాబు: స్కోప్ జోలికి వెళ్లకండి, డబ్బు బైనాక్యులర్స్ మీద పెట్టండి. స్కోప్‌లోంచి చూసేది ట్రిప్పు మొత్తంలో కొన్ని నిమిషాలే. బైనాక్యులర్స్ రోజంతా కళ్ల దగ్గరే ఉంటాయి. నాసిరకం అద్దాలైతే గంటకే తల పట్టేస్తుంది. ఆ తర్వాత మనిషి వెతకడమే మానేస్తాడు.

10x42 సరిపోతుంది, అంటే 10 రెట్లు పెంచి చూపే, 42 మిల్లీమీటర్ల ముందు అద్దాలున్నవి. 42ని 10తో భాగిస్తే 4.2, కంటికి చేరే వెలుగు వలయం అన్ని మిల్లీమీటర్లు. 8x42లో ఇది 5.25 కాబట్టి, దట్టమైన అడవిలోనే తిరిగేవాళ్లకు అదే మేలు. మసకవెలుతురులో ఈ తేడా బాగా తెలుస్తుంది. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు, మందలు మేతకు బయటికొచ్చేదీ ఎక్కువగా ఆ వేళల్లోనే. మీ స్కోప్ కూడా 9 మీద 4.4 ఇస్తుంది, 6కి తగ్గిస్తే 6.7. చీకటి పడుతుంటే పవర్ తగ్గించండి, అంతే.

కళ్లజోడు ఉంటే ఐ రిలీఫ్ (దృశ్యం మొత్తం కనబడేలా కంటికీ అద్దానికీ మధ్య ఉండగల దూరం) కనీసం 16 మిల్లీమీటర్లు ఉన్నవే కొనండి. లేకపోతే దృశ్యం అంచులు కనబడవు.

ఇక ట్రైపాడ్. దీన్ని చాలామంది వదిలేస్తారు, మాకు బాధ కలిగించే పొరపాటు ఇదే. 10 రెట్లు పెంచి చూపే అద్దం చేతి వణుకునీ 10 రెట్లు చూపిస్తుంది. బైనాక్యులర్స్ ముందున్న చిన్న మూత విప్పితే అడాప్టర్ బిగించే మర ఉంటుంది. ట్రైపాడ్ మీద నిలిపి, కొండవాలును వరుసలుగా విడదీసుకుని, ఒక్కో చోట కదలకుండా చూడండి. నిండు ఎల్క్ కనబడుతుందని ఎదురుచూడొద్దు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా ఒక వెన్ను గీత, లేత పసుపు పిరుదు మచ్చ, ఆడిన చెవి: ముందు కంటపడేవి ఇవే.

స్పాటింగ్ స్కోప్ ఇద్దరికీ కలిపి ఒకటి చాలు. కొలరాడోలో చాలా యూనిట్లలో (వేటకు విభజించిన ప్రాంతాల్లో) మగ ఎల్క్‌ని కాల్చాలంటే ఒక కొమ్ముకి 4 కొనలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి కొన 5 అంగుళాలైనా ఉండాలి. మైలు దూరం నుంచే అది తేలితే గంటల ఎక్కుడు తప్పుతుంది. ముందు అద్దం 65 మిల్లీమీటర్లున్నది తీసుకోండి. మధ్యాహ్నం ఎండకి గాలి అలలు అలలుగా కదులుతుంది, అప్పుడు 60x కన్నా 25x మీదే కొమ్ములు స్పష్టంగా కనబడతాయి.

విమానంలో వెళ్తే, దిగాక రైఫిల్ జీరో (గురి పెట్టిన చోటే తూటా తగిలేలా ఉన్న అమరిక) తప్పకుండా కాల్చి చూసుకోండి. దూరంగా కదిలేది ఏమిటో తెలియనప్పుడు రైఫిల్ స్కోప్‌తో మాత్రం చూడొద్దు, అది మనిషి కావచ్చు.

ప్రశ్న: నా రేంజ్‌ఫైండర్ (లేజర్‌తో దూరం కొలిచే పరికరం) పెట్టె మీద 1000 గజాలు అని ఉంది. 500 దాటితే జంతువు మీద రీడింగే రావడం లేదు. పాడైందా?

జవాబు: పాడవలేదు. పెట్టె మీది అంకె మెరిసే బోర్డు లాంటి లక్ష్యానికి. బొచ్చు లేజర్‌ని అంత బాగా తిప్పి పంపదు, పైగా మిట్ట ఎండలో రీడింగ్ ఇంకా కష్టం. చేయి కదిలితే కిరణం పక్కనున్న పొద మీద పడుతుంది. దేనికైనా ఆనించి పట్టుకోండి. ముందు గడ్డి అడ్డొస్తే దూరపు లక్ష్యాన్ని చదివే మోడ్ పెట్టండి. వాలు కోణం లెక్కించే మోడల్ అయితే మరీ మంచిది: 30 డిగ్రీల వాలులో 400 గజాలు చూపితే, గురి పెట్టాల్సింది సుమారు 346కి.

ప్రశ్న: పొద్దున్నే అద్దాల మీద పొగమంచు పట్టేస్తోంది. నైట్రోజన్ నింపిన బైనాక్యులర్సే కదా?

జవాబు: నైట్రోజన్ లోపలి అద్దాలను కాపాడుతుంది, బయటి వాటిని కాదు. చల్లబడ్డ అద్దాన్ని వెచ్చటి టెంట్‌లోకి తేవద్దు, రాత్రి బయటే సంచిలో ఉంచండి. చూసేటప్పుడు ఊపిరి కిందికి వదలండి. తుడవాల్సి వస్తే ముందు బ్రష్‌తో దుమ్ము రాల్చి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ వాడండి. దుమ్ముతోనే రుద్దితే అద్దం మీది పూత గీతలు పడుతుంది.