క్రియాపదం దగ్గర కాసేపు ఆగు

అమ్మాయీ,

ఆశీస్సులు. ఏటిగట్టు బస్తీలో గుడిసెలు తీసేసిన రోజు గురించి నువ్వు రాసి పంపిన కథనం రెండుసార్లు చదివాను. నీకు చూసే కన్ను ఉంది. తడిసిన పుస్తకాల సంచీని గుండెకు హత్తుకుని నిలబడిన ఆ పిల్లవాడు నాకు రెండు రోజులుగా గుర్తొస్తూనే ఉన్నాడు. కానీ నీ మొదటి వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. "భారీ బందోబస్తు మధ్య ఆక్రమణల తొలగింపు ప్రశాంతంగా ముగిసింది."

ఈ వాక్యం నీది కాదు, ప్రెస్ నోటుది. "ఆక్రమణ" అనగానే అక్కడ ఉన్నవాళ్లు దోషులైపోయారు. "తొలగింపు" అనగానే అది చెత్త ఎత్తే పనిలా మారింది. ఇక "ప్రశాంతంగా" అన్నావు. ఎవరికి ప్రశాంతంగా? ఆ తర్వాత ఆ పిల్లవాడి గురించి ఎంత ఆర్ద్రంగా రాసినా లాభం లేదు. పాపమే గానీ వాళ్లు అక్కడ ఉండకూడదు కదా అని పాఠకుడు అప్పటికే తీర్పు చెప్పేసుకుని ఉంటాడు.

వార్త ఏం జరిగిందో చెబుతుందని అనుకుంటాం. జరిగినదానికి ఎవరిని నిలదీయాలో కూడా అదే చెబుతుంది. ఒక్క అబద్ధమూ ఆడకుండానే ఆ పని చేయగలదు. మన భాషలో అది చాలావరకు క్రియల దగ్గర జరుగుతుంది. కూలు, కూల్చు. కాలు, కాల్చు. మునుగు, ముంచు. ఆగు, ఆపు. ఒకటి అకర్మకం, ఒకటి సకర్మకం అని బడిలో చదివి పరీక్ష రాసి మరిచిపోయాం. పత్రికలో ఆ రెంటికీ మధ్య ఒక మనిషి ఉంటాడు. గుడిసెలు కాలాయంటే నిప్పు ఎలా అంటుకుందని ఆలోచిస్తాం, కాల్చారంటే ఎవరని అడుగుతాం. పైగా తెలుగు వాక్యంలో కర్త లేకపోయినా చెవికి లోటు తెలియదు. ఆ సౌలభ్యమే మనల్ని మోసం చేస్తుంది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను పొలాల్లో వెంటాడి చంపారు. కొన్ని శవాలను గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. దాన్ని ఈనాటికీ "చుండూరు ఘటన" అని రాసేవాళ్లున్నారు. 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపిన కారంచేడుకూ అదే మాట. ఘటన అంటే జరిగినది, అంతే. వాన పడటమూ ఘటనే. "ఇరువర్గాల ఘర్షణ" అనే మాట ఇంకా అన్యాయం. పారిపోతున్నవాణ్ణీ తరుముతున్నవాణ్ణీ ఒకే తక్కెడలో కూర్చోబెడుతుంది. దళిత ఉద్యమం మారణకాండ అన్న మాటను పట్టుబట్టి వాడింది అందుకే. ఆ మాట పలకగానే చంపినవాళ్లెవరన్న ప్రశ్న దానంతట అదే ముందుకొస్తుంది.

"ఎదురుకాల్పులు" సంగతి కూడా చూడు. ఆ "ఎదురు" అన్న మూడక్షరాలే అవతలివాళ్లు పోలీసుల మీదికి వచ్చారని మనతో ముందే ఒప్పించేస్తాయి. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరంలో నిందితులైన నలుగురు పోలీసుల తూటాలకు చనిపోయారు. ఆ ఉదయమే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కోపం నాకు అర్థం కాక కాదు, నాకూ కూతురుంది. అయితే సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అందులో ఉంది. "పోలీసుల కథనం ప్రకారం" అన్న మూడు మాటలు ఆ రోజు ప్రతి వార్తకూ మొదట ఉండవలసింది.

ఇదంతా నాకు పుస్తకాల్లో తెలియలేదు. 2005 ప్రాంతంలో, మండల విలేకరిగా ఉన్నప్పుడు, పత్తి రైతు ఒకరు పురుగుమందు తాగి చనిపోయారు. స్టేషనుకు ఫోను చేసి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నాలుగు వాక్యాల్లో రాశాను. "కుటుంబ కలహాలతో రైతు మృతి." రైతు ఆత్మహత్యలకు సర్కారు పరిహారం ఇస్తున్న రోజులవి. అది అందాలంటే అప్పుల వల్లే చనిపోయాడని అధికారుల త్రిసభ్య కమిటీ తేల్చాలి. తేల్చలేదు. కొన్ని నెలలకు ఆయన భార్య నా వార్త కత్తిరింపును మడతలు పెట్టి తెచ్చి, నా ముందు విప్పి అడిగింది. "మీరు మా ఇంటికి రానే లేదు కదయ్యా, మా ఇంట్లో కలహం ఉందని ఎట్లా తెలిసింది?" అప్పుల చీటీలు ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. నేను అబద్ధం రాశానని అనను. వేరొకరి వాక్యానికి నా పేరు పెట్టాను. అది తక్కువ తప్పేమీ కాదు.

ఎవరిని నిలదీయాలో చెప్పే ఈ చట్రాన్ని సామాన్యులు మార్చగలరు కూడా. 1992లో దూబగుంట ఆడవాళ్లు కదిలేవరకు తాగుడంటే మొగుడూ పెళ్లాల తగువు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆ స్త్రీలు సారా దుకాణం మూయించారు, నెల్లూరు జిల్లాలో వేలం పాటలు ఆపించారు. అక్కడి నుంచి తగువు సారా వేలం డబ్బు చేరే సర్కారు ఖజానాతో అయింది. పత్రికలు ఆ ప్రశ్నను అందుకుని పేజీలకు పేజీలు ఇచ్చాయి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పత్రికలకు దక్కవలసిన మెప్పు దక్కనీ, ప్రశ్న మాత్రం ఆ ఆడవాళ్లదే.

నీ కథనం వెనక్కి పంపుతున్నాను. పిల్లవాడితోనే మొదలుపెట్టు. వాళ్లు అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారో, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఎవరి పేరున ఉన్నాయో, నోటీసు ఏ తేదీన ఎవరి చేతికిచ్చారో కనుక్కో. అధికారుల మాటా రాయి, కానీ అది వాళ్ల మాటేనని చెప్పి రాయి. మూడో పేజీలో "వారం ముందే బస్తీకి నీళ్లు ఆగిపోయాయి" అన్నావు. నీళ్లు ఆగిపోయాయా, ఎవరైనా ఆపారా? వాల్వు తిప్పిన లైన్‌మన్ దగ్గర ఆగిపోకు, తిప్పమన్న ఉత్తర్వు మీద ఎవరి సంతకం ఉందో చూసి రా. అది చేతికి వచ్చాక తిరగరాసి పంపు.

ఉంటాను,
మీ బాబాయి