హాస్టల్‌కి వయొలిన్ రానివ్వరట, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది. ఆరేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది, వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చింది. జేఈఈ కోచింగ్ ఉన్న కాలేజీ హాస్టల్లో చేర్చాలనుకుంటున్నాం. అక్కడ వాయిద్యాలు తేనివ్వరట. రెండేళ్లు ఆపిస్తే నష్టమా? ఐఐటీలో కళాకారులకు కోటా వచ్చిందని బంధువులు అంటున్నారు. ఇంజనీరింగ్, సంగీతం డిగ్రీ పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఏటా వేసవిలో ఈ ఉత్తరం నాకు వస్తుంది. ఒక్కోసారి వయొలిన్ బదులు వీణో కూచిపూడో ఉంటుంది, అంతే తేడా. రేపు ర్యాంకు రాకపోతే ఆ సంగీతం వల్లే రాలేదని జీవితాంతం అనుకుంటామేమోనన్నది మీ అసలు టెన్షన్. రోజుకు ముప్పావు గంట సాధకం వల్ల ర్యాంకు పోగొట్టుకున్న పిల్లను నేనింతవరకు చూడలేదండీ. నిద్ర చాలక, ఇంటి మీద బెంగతో, వారం వారం పరీక్షలు రాసి రాసి చదువంటేనే విసుగు పుట్టిన పిల్లల్ని మాత్రం చాలామందిని చూశాను.

కోటా మాట నిజమే. ఐఐటీ మద్రాస్ 2025 నుంచి బీటెక్‌లో ఒక్కో కోర్సుకు రెండు అదనపు సీట్లు కళల్లో రాణించినవారికి ఇస్తోంది, అందులో ఒకటి అమ్మాయిలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత మాత్రం తప్పదు. పైగా చూపించాల్సింది జాతీయస్థాయి గుర్తింపు, అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిట్లో కచేరీ కాదు. ఆ రెండు సీట్ల కోసం ఇప్పట్నుంచే పిల్లను పోటీలకు తిప్పడం మొదలుపెడితే, తనకు మిగిలిన ఒక్క ఊరటా ఇంకో సబ్జెక్టు అయిపోతుంది. నాకు ఈ కోటా మోజు అస్సలు నచ్చడం లేదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఇంత ఉత్తరంలో మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆరేళ్లు కమాను పట్టిన పిల్లను అడగకుండా ఆ పెట్టెను అటక మీద పెడతారా?

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. సంగీతం చదివితే టీచరు ఉద్యోగాలు, ఆకాశవాణి తన కళాకారులకు పరీక్ష పెట్టి ఇచ్చే గ్రేడు, కచేరీలు, ఇంట్లో పాఠాలు. ఆదాయం కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇంజనీరింగ్‌లో దారి కాస్త త్వరగా తేలుతుంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు వయొలిన్ విద్వాంసుడిగా పేరుమోసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాతికేళ్లు దాటీ దాటకుండానే అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. అందరూ ద్వారం కాలేరు, ఆ ఆశ పెట్టను. కానీ ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమని ఇప్పుడు మిమ్మల్ని ఎవరడిగారు?

తెనాలిలోనో గుంటూరులోనో రోజూ ఇంటికొచ్చి చదువుకునే కాలేజీ చూడండి. మాస్టారితో మాట్లాడి క్లాసులు ఆదివారానికి కుదించండి, కొత్త కీర్తనలు తగ్గినా ఫర్వాలేదు, రోజూ కాసేపు స్వరాలు వాయిస్తే చేయి పోదు. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు ఇంటర్ అయ్యాక రాసుకోవచ్చు, విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాల మీకు దగ్గరే. హాస్టలే తప్పదంటే, అడ్మిషన్ ఫీజు కట్టేముందు వయొలిన్ సంగతి మీరే వెళ్లి అడగండి. ఫీజు కట్టాక ఆ మాట ఎవరూ వినరు.