మేనల్లుడికి: ఒకే గిన్నెలో ఖీమా, మాకరోనీ వండుకునే తీరు

చిరంజీవి మేనల్లుడికి నీ మేనత్త దీవించి రాసే ఉత్తరం.

రాత్రి తొమ్మిదింటికి ల్యాబ్ నుంచి వచ్చి బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు స్థిమితంగా లేదు. అమెరికాలోని ఒహాయోలో ఇన్నేళ్ళ చలికాలాలు గడిపినదాన్ని కనుక, ఇక్కడి ఇళ్ళలో మంచు కురిసే రాత్రుళ్ళు పిల్లలకు వండిపెట్టే వంటనొకదాన్ని నీకు వివరంగా రాస్తున్నాను. దీన్ని ఇక్కడ గౌలాష్ అంటారు. హంగరీలో ఆ పేరు పశువుల కాపరుల నుంచి వచ్చింది, అక్కడ అది పాప్రికా అనే ఎర్రటి మిరపపొడి వేసిన మాంసం పులుసు. ఇక్కడిది మాత్రం పెద్దకూర (బీఫ్) ఖీమా, టమాటా, మాకరోనీ కలిసి ఒకే గిన్నెలో ఉడికేది.

ఒక పౌను ఖీమా, అంటే సుమారు 450 గ్రాములు, అర పౌను ఎల్బో మాకరోనీ (మోచేయిలా వంగిన చిన్న గొట్టాలు), 15 ఔన్సుల టమాటా సాస్ డబ్బా ఒకటి, పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు సిద్ధం చేసుకో. ఖీమా పొట్లం మీద 80/20 అనో 85/15 అనో ఉంటుంది. రెండో అంకె కొవ్వు శాతం. ఈ వంటకు 85/15 నాకు నచ్చుతుంది, మరీ కొవ్వు తీసేసినది కొంటే తినేటప్పుడు ఇసుకలా పలుకుతుంది.

మన ఇళ్ళలో ఖీమాను జల్లెడలో వేసి కడగడం అలవాటు. ఇక్కడ ఆ పని చేయవద్దు. కడిగినందువల్ల క్రిములు పోవు, సింకు చుట్టూ చిందుతాయి. పైగా తడిసిన మాంసం వేగకుండా తన నీటిలో తానే ఉడికి బూడిద రంగుకు వస్తుంది. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెను బాగా వేడిచేసి, ఖీమాను పరిచి, మూడు నాలుగు నిమిషాలు గరిటె పెట్టకుండా వదిలెయ్యి. కలపాలని చెయ్యి లాగుతుంది, ఓర్చుకో. అడుగుభాగం ముదురు గోధుమ రంగుకు వచ్చి, వేపుడు వాసన లేచిన తరువాతే తిప్పి చిదపాలి. కమ్మదనం చాలావరకు అక్కడే పుడుతుంది, తరువాత ఎన్ని మసాలాలు వేసినా ఆ లోటు తీరదు. రెండు చెంచాల కొవ్వు మాత్రం ఉంచి మిగిలినది ఖాళీ డబ్బాలోకి వంపు, సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది. ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, వెల్లుల్లి మగ్గించు.

ఇక నీటి సంగతి. నేను వచ్చిన తొలి చలికాలంలో ఈ వంటకు కంటికి తోచినంత నీళ్ళు పోసి, మాకరోనీ ముద్దయిపోయి, అంతా పారేయవలసి వచ్చింది. మీ నాయనమ్మ అత్తెసరు అన్నం వండేటప్పుడు వేలి కణుపుతో నీళ్ళు కొలిచేది గుర్తుందా? ఇదీ అత్తెసరే. మాకరోనీని విడిగా ఉడికించి వడకట్టడం గంజి వార్చడంతో సమానం, సారమంతా సింకు పాలవుతుంది. ఇక్కడ ఆ గంజి గిన్నెలోనే ఉండి పులుసును చిక్కబరచాలి. అందుకని అర పౌను మాకరోనీకి టమాటా సాస్ కాక రెండు కప్పుల నీరు గానీ బ్రాత్ (డబ్బాల్లో అమ్మే మాంసం రసం) గానీ కొలిచి పోసి, అడుగున అంటుకున్న ముదురు పొరను గరిటెతో గీకి కలిపి, మరిగిన తరువాతే మాకరోనీ వెయ్యి. మూతపెట్టి సన్నని మంట మీద ఉంచి, మూడు నిమిషాలకొకసారి అడుగుదాకా కలుపు. టమాటా పులుపులో మాకరోనీలోని గోధుమ నెమ్మదిగా మెత్తబడుతుంది కనుక పెట్టె మీద రాసిన సమయం కన్నా మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నీరు ముందే ఇగిరిపోతే పావు కప్పు చొప్పున వేడినీళ్ళు చేర్చు. కొంచెం పలుకు ఉండగానే పొయ్యి కట్టేసి అయిదు నిమిషాలు మూత తీయకుండా ఉంచితే అదే మగ్గుతుంది.

మాంసం ఎక్కడా పచ్చిగా ఉండకూడదు. రుబ్బేటప్పుడు పైనున్న క్రిములు లోపలికంతా కలిసిపోతాయి కాబట్టే ఇక్కడ ఖీమాను 160 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు వేడెక్కించాలంటారు. ఇంతసేపు మరిగే పులుసులో ఆ భయం లేదు.

బ్రాత్‌లో ఉప్పు ఉంటుంది కనుక చివర రుచి చూసి వేసుకో. ఒక చెంచా వూస్టర్‌షైర్ సాస్ తప్పక చేర్చు; అందులో మన చింతపండు ఉంది, నోటికి వెంటనే తెలుస్తుంది. అర చెంచా కారం, చిటికెడు మిరియాల పొడి చాలు. గరం మసాలా వెయ్యకు, టమాటా తీపి చచ్చిపోతుంది. చివర పైన చల్లుకునే చెడ్డార్ చీజ్‌ను గడ్డగా కొని నువ్వే తురుముకో, ముందే తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పిండి చల్లుతారు, అది నున్నగా కరగదు.

ఇది నీకు మూడు పూటలు వస్తుంది. రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టు. మరునాటికి మాకరోనీ పులుసంతా పీల్చుకుని బిగుసుకుంటుంది. పావు కప్పు నీళ్ళు చిలకరించి, మూతపెట్టి, సన్నని మంట మీద వేడిచేసుకుంటే మళ్ళీ వదులవుతుంది.

ఇట్లు,
నీ మేనత్త