క్లోజప్ ఫోటోలకు మాక్రో లెన్స్ కొనక తప్పదా?

ఫోటోగ్రఫీ ఇప్పుడే మొదలుపెట్టాను, క్లోజప్‌ల కోసం మాక్రో లెన్స్ కొనాలా అని అడిగారు. నేనూ ఫోటోగ్రఫీ విద్యార్థినే. ఇప్పుడే కొనకండి. ముందు హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో నాలుగు ఉదయాలు గడపండి, లెన్స్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

నా దగ్గర ఉన్నది 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్. దానికి 20 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలిస్తాను. ట్యూబులో అద్దాలేమీ ఉండవు, లెన్స్‌ను కెమెరాకు కాస్త ఎడంగా జరుపుతుంది, అంతే. దాంతో జానెడు లోపు ఉన్నదాని మీద కూడా ఫోకస్ కుదురుతుంది. వెలుతురు కొంత తగ్గుతుంది.

క్లాసులో క్లోజప్ ప్రాక్టీసు చేసి రమ్మన్నప్పుడు బతుకమ్మ రోజులు. మార్కెట్ నిండా బంతి, చామంతి, గునుగు, తంగేడు. మాలలు కడుతున్న ఒక పెద్దామె పక్కన కూర్చుని, "అమ్మా, ఫోటోలు తీసుకోవచ్చా?" అని అడిగాను. "ముఖం వద్దు బిడ్డా, చేతులు తీసుకో. బేరమొస్తే జర పక్కకు జరుగు" అంది.

మొదటి గంటలో రెండు వందలకు పైగా తీశాను. ఒక్కటీ పనికిరాలేదు. వెనకంతా మసకగా రావాలని ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి ఎఫ్/1.8 పెట్టాను. అంత దగ్గర్లో ఎఫ్/1.8 అంటే స్పష్టంగా వచ్చేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. గోరు వస్తే ముడి రాదు, ముడి వస్తే పువ్వు రాదు. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 పెట్టినా దక్కేది రెండు మిల్లీమీటర్లే. పైగా తల మీద నీలం టార్పాలిన్, దాని రంగు పడి బంతిపూలు మట్టిరంగులోకి దిగిపోయాయి.

టెన్షన్‌లో ఆటోఫోకస్ పెట్టుకుని ఆమె వేళ్ల వెంట పడ్డాను. చివరికి చెయ్యి నొప్పెట్టి, కెమెరా ఒళ్లో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. చేతులు ఎంత వేగంగా తిరిగినా ముడి బిగిసేది ఒక్కచోటే, ఎడమ బొటనవేలి గోరు పక్కన. బిగించేటప్పుడు రెండు చేతులూ క్షణం పాటు ఆగుతాయి. ఫోకస్‌ను చేత్తో తిప్పే మాన్యువల్‌కు మార్చి, ఆ గోరు మీద పెట్టి వదిలేశాను. ఎఫ్/8 పెట్టాను. ఆమెను అడిగి బుట్టను టార్పాలిన్ అంచుకు జరిపించి, బ్యాగులో ఉన్న తెల్ల డ్రాయింగ్ షీటును, వెలుతురు తిరిగి పడేలా, నీడ వైపు నిలబెట్టాను. ఇక ముడి పడే క్షణానికి నొక్కడమే. 30 తీస్తే 11 నిలిచాయి.

ఒకటి పెద్దది చేసి చూపించాను. పసరు అంటి పచ్చబడిన గోరు, దారం, చామంతి తొడిమ. ఆమె కళ్లు చిట్లించి చూసి "ఈ ముడి వదులుంది" అంది. వెంటనే ఆ మాల వెతికి తీసి, రెండు పూలు విప్పి మళ్లీ కట్టింది. ఆ రాత్రి నేను ఆ 11లోంచి నాలుగు తీసేశాను.

అందుకే పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, కదలకుండా చేసి తీసే మాక్రో ఫోటోలంటే నాకు కోపం. పాపం, వాటికి ప్రాణం ఉంది. కదిలేదాన్ని ఆపేశాక ఇక చూసి నేర్చుకునేది ఏముంటుంది? స్ప్రే కొట్టి మంచు బిందువులని చెప్పడం కూడా నాకు నచ్చదు. మార్కెట్లో పూలు వాడిపోకుండా నీళ్లు చల్లుతూనే ఉంటారు, వాటినే తీయండి.

ట్యూబు కొంటే లోపల కెమెరాను లెన్స్‌తో కలిపే ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నదే తీసుకోండి. నేను మొదట కొన్న చౌక ట్యూబులో అవి లేక, ఎపర్చర్ మార్చడమే కుదరలేదు. మార్కెట్‌కు తెల్లవారగానే వెళ్లండి. ఎండ ముదిరితే తెల్ల చామంతి రేకుల మీద గీతలు కనిపించవు.