సందేహాలు – సమాధానాలు: 'పంపిణీ' ఎక్కడ, ఫోన్ ఎక్కడ?

సందేహం: సెల్‌ఫోన్ నెట్‌వర్కుల మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. 'డిస్ట్రిబ్యూటెడ్ పవర్ కంట్రోల్'ను 'పంపిణీ శక్తి నియంత్రణ' అనవచ్చా?

సమాధానం: వద్దండి. ఆ మాట చదివితే డిస్కం, సబ్‌స్టేషన్ గుర్తొస్తాయి. పంపిణీ అంటే ఉన్నదాన్ని నలుగురికీ పంచడం: పింఛన్ల పంపిణీ, విత్తనాల పంపిణీ. ఇక్కడ ఎవరూ దేన్నీ పంచడం లేదు.

జరిగేదేమిటో చూడండి. ఒకే ఫ్రీక్వెన్సీలో చాలా ఫోన్లు పనిచేస్తున్నప్పుడు ఒకదాని సిగ్నల్ మరొకదానికి అడ్డొస్తుంది. టవర్ పక్కనున్న ఫోన్ జోరు తగ్గించుకోకపోతే దూరపు ఫోన్ మాట టవర్‌కు వినబడదు. దీనికి 1993లో ఫోస్కినీ, మిల్యానిక్ అనే ఇద్దరు పరిశోధకులు చాలా తేలికైన సూత్రం చెప్పారు. అడ్డొచ్చే సిగ్నళ్లకు మన సిగ్నల్ 10 రెట్లు ఉండాలి, కొలిస్తే 5 రెట్లే ఉంది అనుకోండి; పవర్‌ను రెట్టింపు చేయాలి. 20 రెట్లుంటే సగానికి తగ్గించాలి. మళ్లీ కొలవాలి, మళ్లీ సర్దాలి. పక్క ఫోన్ల లెక్కలు తెలియనక్కర్లేదు, అన్నిటికీ కలిపి లెక్కకట్టే పెద్ద కేంద్రమూ అక్కర్లేదు. అందరికీ కావలసినంత సిగ్నల్ అందడం అసలు సాధ్యమయ్యేదైతే, పవర్లన్నీ వాటంతటవే ఒక నిలకడకు వస్తాయి. 3జీలో వాడిన డబ్ల్యూసీడీఎంఏ పద్ధతిలో టవర్ ఒక్కో ఫోన్ సిగ్నల్‌ను విడిగా కొలిచి, 'పెంచు', 'తగ్గించు' అని సెకనుకు 1500 సార్లు చెబుతుంది.

ఈ పనికి తెలుగులో చక్కటి మాట ఉంది: 'ఎక్కడికక్కడ'. 'వికేంద్రీకృత' తప్పు కాదు గానీ, ముందు కేంద్రంలో ఉన్నదాన్ని తర్వాత విడదీశారనే ధ్వని వస్తుంది. 'ఎవరికి వారే' అనకండి. వెంటనే 'యమునా తీరే' నాలుక మీదికొస్తుంది, ఒకరి సంగతి ఒకరికి పట్టదనే అర్థం అంటుకుంటుంది.

ఇక 'శక్తి'. మన ఇంటర్ ఫిజిక్స్‌లో 'పని, శక్తి, సామర్థ్యం' పాఠం చదివినవాళ్లకు శక్తి అంటే ఎనర్జీ. వాట్లలో కొలిచే పవర్ 'సామర్థ్యం'. కానీ మీ పాఠంలో నెట్‌వర్క్ కెపాసిటీ కూడా వస్తుంది, దాన్నీ సామర్థ్యమనే రాస్తారు. రెండూ కలిస్తే పిల్లలు తికమకపడతారు. కాబట్టి 'పవర్' అనే ఉంచండి.

శీర్షిక 'ఎక్కడికక్కడ పవర్ నియంత్రణ' అని పెట్టి, వాక్యంలో మాత్రం 'ఏ ఫోన్ పవర్ ఆ ఫోన్ సర్దుకుంటుంది' అని రాయండి. 'నియంత్రిస్తుంది' కన్నా 'సర్దుకుంటుంది' నయం: పక్క ఫోన్ పవర్ పెంచితే దీని కొలత మారుతుంది, దాన్నిబట్టి ఇదీ మారాలి. ఆ సంగతంతా ఆ క్రియలోనే ఉంది.