ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం, ఎడిటింగ్ అస్సలు రాదు, ముందు ఏం నేర్చుకోవాలి?

మీరు కొందామనుకుంటున్న ఆ 3 వేల ఎడిటింగ్ కోర్సు ఇప్పుడే కొనకండి. ఆ డబ్బు పెట్టి ఒక కాలర్ మైకు, ఒక మామూలు ట్రైపాడ్ కొనుక్కోండి, ఏమైనా మిగిలితే షూటింగ్ రోజు అందరికీ బిర్యానీ పెట్టండి, అది కోర్సు కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మీరు చెప్పింది ఇదీ కదా: డిగ్రీ సెకండియర్, చేతిలో ఫోను, 8 జీబీ ల్యాప్‌టాప్, హాస్టల్ రూములో రాత్రిపూట జరిగే కథ, నెలన్నరలో ఫెస్టు, ఏ సాఫ్ట్‌వేర్ ముందు నేర్చుకోవాలో తెలీట్లేదు. నా సమాధానం ఏంటంటే సాఫ్ట్‌వేర్ ముందు నేర్చుకోకండి, ఈ శనివారం ఒక్క నిమిషం సినిమా తీసేయండి. కథ అక్కర్లేదు, ఇద్దరు కూర్చుని టీ తాగుతూ నాలుగు మాటలు మాట్లాడుకుంటే చాలు. కానీ దాన్ని చివరిదాకా లాగాలి, అంటే తీయడం, సౌండ్ కలపడం, ఎడిట్ చేయడం, పైన తెలుగులో పేరు వేయడం, ఫైల్ బయటికి తీయడం, మీ సినిమా ఏ హాల్లో వేస్తారో ఆ హాల్లో అదే ప్రొజెక్టర్ మీద వేసి చూడటం, ఇంతా. ఇది నేను చేయలేదు కాబట్టే చెప్తున్నా.

నేను 2022 వేసవిలో బీకామ్ ఫైనలియర్‌లో ఉండగా రాజమండ్రిలో 11 నిమిషాల సినిమా తీశా. మా మామ్మది ఆత్రేయపురం పక్క ఊరు, పూతరేకులు తీస్తుంది (అప్పటికింకా జీఐ ట్యాగ్ రాలేదు, 2023లో వచ్చింది). మామ్మ రేకులు తీస్తూ తన పెళ్లి సంగతులు చెప్తుంటుంది, మధ్యమధ్యలో మేం యాక్ట్ చేసిన సీన్లు వస్తాయి, అదీ ప్లాను. కెమెరా మా తమ్ముడి ఫోను. నాకు తెలిసిన టెక్నాలజీ అంతా ఎక్సెల్‌లో వీలుకప్ ఫార్ములా, అది కూడా పరీక్ష కోసం.

మొదటిరోజు 40 రేకులు తీయించాం. రేకు ఎలా తీస్తారో చూశారా ఎప్పుడైనా, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి లాగేస్తే క్షణంలో కాగితం కన్నా పలచటి రేకు లేస్తుంది. కుండ నల్లగా ఉంటుంది, గుడ్డ తెల్లగా ఉంటుంది, ఇక్కడే మా కొంప మునిగింది. గుడ్డ పడగానే ఫోను వెలుతురు ఎక్కువైపోయిందనుకుని మొత్తం చీకటి చేసేది, గుడ్డ తీయగానే మళ్లీ తెల్లగా చేసేది, పైగా పొగ వచ్చినప్పుడల్లా మామ్మని వదిలేసి పొగ మీదకి ఫోకస్ పోయేది. చిన్న స్క్రీన్ మీద అక్కడ మాకేం తెలియలేదు, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే 40 రేకులూ దీపావళి మతాబుల్లా వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

మా వీధి చివర పెళ్లి వీడియోలు చేసే మిక్సింగ్ షాపు బాబాయ్ ఒకాయన ఉన్నారు. ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఎన్ని పెళ్లిళ్లు కలిపారో ఆయనకే లెక్క లేదు. ఏడుపుమొహంతో ఆయన దగ్గరికెళ్తే ఫోను తీసుకుని స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఉంచారు, ఫోకసూ వెలుతురూ రెండూ లాక్ అయ్యాయి. అంతే! అది ఆ ఫోన్లో మొదటినుంచీ ఉంది. ఓపెన్ కెమెరా అని ఒక ఉచిత యాప్ కూడా ఎక్కించారు, ఫోను ఒప్పుకుంటే అందులో ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలి), షటర్ (ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు వెలుతురు తీసుకోవాలి) మనమే పెట్టుకోవచ్చు. ఇప్పుడైతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ కూడా ఉచితమే, 2024 నుంచి ఆండ్రాయిడ్‌కీ వచ్చింది, కాకపోతే అన్ని ఫోన్లలో ఎక్కదు, ముందు చూసుకోండి.

మీది హాస్టల్ రూము, రాత్రి, ట్యూబ్‌లైట్ అన్నారు కదా, కాబట్టి షటర్ గురించి ఇంకొంచెం చెప్తా. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లెక్కన ట్యూబ్‌లైట్ వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది, కంటికి కనిపించదు కానీ కెమెరాకి కనిపిస్తుంది. షటర్ సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే ప్రతి ఫ్రేములోనూ ఆ పెరగడం తగ్గడం పూర్తిగా పడుతుంది కాబట్టి వెలుగు సమానంగా ఉంటుంది. 1/60 పెడితే గోడ మీద నల్లచారలు పాకుతుంటాయి. నేను అమెరికావాళ్ల వీడియో చూసి 1/60 పెట్టా, వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, ఆ లెక్క వాళ్లకి కుదురుతుంది, మన వంటింట్లో కుదరదు. చవక ఎల్ఈడీ బల్బులు కొన్ని ఎలా పెట్టినా మిణుకుమంటూనే ఉంటాయి, వాటికి బల్బు మార్చడమే మందు.

ఇక సౌండు. బాబాయ్ నన్ను తిట్టిన ఒకే ఒక్క విషయం ఇది. "చూడమ్మా, గంటనుంచీ కెమెరా గురించే అడుగుతున్నావు, ఆవిడ మాటలు వినపడకపోతే ఆ రేకులు ఎవడిక్కావాలి" అన్నారు. నిజమే, ఫోను ఆరడుగుల దూరంలో ఉంటే అందులో మామ్మ గొంతు కన్నా కొబ్బరాకుల చిటపటే ఎక్కువ వినిపించింది. ఆయనే ఒక చిన్న రికార్డరు, కాలర్ మైకు అరువిచ్చారు. ఫ్యాను ఆపడం మాకు ఎలాగూ తప్పదు, గాలికి రేకులు ఎగిరిపోతాయి కాబట్టి మే నెల రాజమండ్రి ఎండలో మామ్మ దశాబ్దాలుగా ఫ్యాను లేకుండానే ఆ పని చేస్తోంది, మేం మాత్రం రెండు గంటలకే సోలిపోయాం. ఫ్రిజ్ కూడా ఆపాం, సీన్ అయిపోయాక మళ్లీ వేయడం మర్చిపోయాం, పొద్దున్నకి పాలు విరిగిపోయాయి, అత్త రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత ఎక్కడో చదివా, బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టి ఆపాలట, తాళం తీసుకోకుండా ఇంటికెళ్లలేం కదా. మీ హాస్టల్లో ఫ్రిజ్ ఉండకపోవచ్చు గానీ పక్క రూముల ఫ్యాన్లూ బాత్రూం మోటారూ ఉంటాయి, ఎవరూ మాట్లాడకుండా ఆ రూము చప్పుడు మాత్రమే ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య కోసిన చోట్ల అతుకు వేయడానికి అదే కావాలి.

విడిగా రికార్డు చేసిన సౌండ్‌ని వీడియోకి కలపడానికి ప్రతి షాట్ మొదట్లో చప్పట్లు కొట్టాలి, ఇది అందరికీ తెలుసు, మేం గరిటెతో పళ్లెం మీద కొట్టాం. అందరికీ తెలియనిది ఇంకోటుంది. చప్పుడు దగ్గర సరిగ్గా కలిపా, మామ్మ ఏడు నిమిషాలు ఆపకుండా చెప్పిన షాట్‌లో చివరికొచ్చేసరికి పెదాలు ముందు, మాట వెనక! నాకేమో రికార్డరు పాడైందని భయం, అరువు వస్తువు కదా. తప్పు ఫోనుది. ఫోన్లు చాలావరకు సెకనుకి కచ్చితంగా 30 ఫ్రేములు తీయవు, వెలుతురు తగ్గితే 28, 25 అలా వాటి ఇష్టం, దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి అది సరిగ్గా అరగదు. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, క్లిప్పులన్నీ అందులో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ అన్నది టిక్ చేసి, 4కే లో తీసి ఉంటే 1080పీ కి దించి, అప్పుడు ఎడిటింగ్‌కి తీసుకెళ్లండి. రాత్రంతా నడుస్తుంది, నడవనీండి. మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌కి కూడా ఇదే మేలు, 4కే క్లిప్పులు నేరుగా వేస్తే దాని ప్రాణం పోతుంది.

సాఫ్ట్‌వేర్ ఏది అంటే నేను వాడింది డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా వచ్చేది. మంచిదే కానీ 16 జీబీ ర్యామ్ అడుగుతుంది, మీ దాంట్లో మొరాయిస్తే పంతానికి పోకుండా కెడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ వేసుకోండి, కోయడం అతకడం ఎందులో అయినా కోయడం అతకడమే. రిజాల్వ్‌లో మాత్రం మొదటి క్లిప్ లోపలికి వేయగానే ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చమంటారా అని ఒక పెట్టె వస్తుంది. నేను ఇలాంటివేవీ చదవకుండా నొక్కే బాపతు, డోంట్ చేంజ్ నొక్కేశా. అది 24 దగ్గర ఉండిపోయింది, నా క్లిప్పులు 30, మామ్మ చెయ్యి కుండ మీద జారాల్సింది పోయి గంతులేసింది. తర్వాత మారుద్దామంటే ఆ ప్రాజెక్ట్‌లో ఇక మార్చనివ్వదు, మూడ్రోజుల ఎడిటింగ్ కొత్త ప్రాజెక్ట్‌లో మళ్లీ చేసుకున్నా.

ఇంకో పిచ్చి పని, క్లిప్పులన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉంచే ఎడిట్ చేశా, తమ్ముడు పాటలకోసం ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుపోయాడు, ల్యాప్‌టాప్ తెరిస్తే మొత్తం ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్ అని. సినిమా పోయిందని నిజంగా ఏడ్చా. పోలేదు. ఎడిటింగ్ ప్రాజెక్ట్‌లో వీడియోలుండవు, అవి ఏ ఇంట్లో ఉన్నాయో అడ్రస్ మాత్రమే ఉంటుంది, ఇల్లు మారితే కొత్త అడ్రస్ చెప్పాలి, అంతే. మొదట్లోనే ఒక ఫోల్డర్ పెట్టుకుని మళ్లీ దాన్ని కదపకండి, పేర్లు మార్చకండి, ఇంకో కాపీ వేరేవాళ్ల దగ్గర పెట్టండి.

తెలుగు అక్షరాల గోల వేరే ఉంది. డీటీపీ షాపులో అను అనే పాత తెలుగు ఫాంట్‌లో టైప్ చేయించుకుని తెచ్చి అతికిస్తే ఇంగ్లీషు గుర్తులు చెత్తలా పడ్డాయి, అది యూనికోడ్ (ఏ సిస్టంలో అయినా తెలుగుని తెలుగుగానే గుర్తించే పద్ధతి) కాదు మరి. సరే అని యూనికోడ్‌లో కొట్టి ఫ్రెండ్ సిస్టంలో ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి, మామ్మ అన్న పేరులో మ కింద మ వత్తు లేకుండా మామ్ మ అయిపోయింది. ప్రీమియర్ అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అని ఉంటుంది, అది ఎంచుకుంటే కుదురుకుంటాయి. నాకప్పుడు తెలీక ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేరు రాసి వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా తీసి వాడుకున్నా, ఇప్పటికీ నాకదే తేలిక, ఎక్కడా విరగదు. ఫాంట్లకి డబ్బులు పెట్టకండి, రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

చివరికి ఫైల్ బయటికి తీశా. క్వాలిటీ బావుండాలని కనపడ్డ వాటిల్లో పెద్ద ఫార్మాట్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ నొక్కితే 11 నిమిషాలకి సుమారు 15 జీబీ వచ్చింది, 32 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కనంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదట, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చాలి, లేదంటే మనలాంటివాళ్లకి హెచ్.264 ఎంపీ4 లో బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకి ఎంత డేటా) 20 ఎంబీపీఎస్ పెడితే చాలు, రెండు జీబీ కూడా కాదు.

ఇన్ని దాటుకుని స్క్రీనింగ్ రోజొచ్చింది. సెమినార్ హాలు నిండింది, మామ్మ ముందు వరసలో కొత్త చీరలో కూర్చుంది. సినిమా మొదలైంది, వెనక వీణ వినిపిస్తోంది, మంట చిటపట వినిపిస్తోంది, మామ్మ నోరు కదులుతోంది, మాట లేదు. 11 నిమిషాలూ లేదు. రికార్డర్‌లో ఒక్క మైకే పెట్టాం కాబట్టి గొంతంతా ఎడమవైపే పడింది, ఇంట్లో ఒక చెవిలోనే వినిపిస్తే నా హెడ్‌ఫోన్స్ పాతవి అనుకున్నా, ఆ హాల్లోనేమో ఎడమ స్పీకరు ఎప్పుడో పోయిందట, నాకు తప్ప అందరికీ తెలుసట. రిజాల్వ్‌లో ఆ క్లిప్ మీద రైట్‌క్లిక్ చేసి క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఆడియోని మోనోకి మారిస్తే రెండువైపులా వస్తుంది, అర నిమిషం పని. అయిపోయాక జనం చప్పట్లు కొట్టారు, ఆర్ట్ ఫిల్మ్ అనుకున్నారు, ఒక లెక్చరర్ గారైతే మౌనం బాగా వాడావమ్మా అన్నారు, నేను థాంక్యూ సార్ అన్నా, ఇంకేం అంటాం. మామ్మ మాత్రం దారిపొడుగునా ఆటోలో "నే చెప్పిందంతా ఏం చేశావే" అని ఒకటే గొడవ, ఇంటికెళ్లాక మోనో చేసి టీవీలో వేసేదాకా అన్నం తినలేదు.

అందుకే ఆ ఒక్క నిమిషం సినిమా మీ హాల్లో వేసేటప్పుడు మధ్యలో నిలబడి వినకండి, ఎడమ స్పీకర్ దగ్గరికి ఒకసారి, కుడి స్పీకర్ దగ్గరికి ఒకసారి నడిచెళ్లి వినండి. ప్రొజెక్టర్ మీద చీకటి సీన్లు ల్యాప్‌టాప్‌లో కన్నా వెలిసిపోయి కనిపిస్తాయి, మీ కథ రాత్రిది కాబట్టి అదీ అప్పుడే చూసుకోండి. హాలు తాళం ఎవరి దగ్గరుంటుందో ఇప్పుడే కనుక్కుని ఆయనతో మంచిగా ఉండండి.