కీమోకి ముందు ఆ లక్షా ఎనభై వేలు పెట్టాలా, వద్దా?

ఆమదాలవలస నుంచి ఒక పాఠకురాలు రాశారు. 28 ఏళ్లు, పెళ్లి కాలేదు, శ్రీకాకుళంలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 24 వేలు. రొమ్ము క్యాన్సర్ అని తేలింది, మూడు వారాల్లో విశాఖలో కీమో. దానివల్ల అండాశయాలు దెబ్బతినొచ్చు, ముందే అండాలు తీసి ఫ్రీజ్ చేయించుకోమని డాక్టర్ అన్నారట. ఖర్చు 1,80,000, ఆపైన దాచినందుకు ఏటా 25 వేలు. ఉన్నవి పెళ్లికని నాన్నగారు వేసిన 3 లక్షల ఎఫ్‌డీ, ఆరు తులాల బంగారం, కాస్త పీఎఫ్. ఇంట్లోవాళ్లేమో "ముందు ప్రాణం, పిల్లల సంగతి తర్వాత" అంటున్నారు.

అమ్మా, పెట్టండి. ఎఫ్‌డీ తీసి పెట్టండి.

ఇంట్లోవాళ్ల మాట ప్రేమతో అన్నదే, కాదనను. కానీ ఈ పని తర్వాత చేసేది కాదు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు పడ్డాక అండాలు తగ్గిపోతాయి, నెలసరి మళ్లీ వచ్చినా అండాల నిల్వ మునుపట్లా ఉండదు. అండాలు తీయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, నెలసరి కోసం ఆగక్కర్లేదు, మీది ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్లతో పెరిగే రకం క్యాన్సరైతే ఆ ఈస్ట్రోజెన్ పెరగకుండా లెట్రోజోల్ అనే మాత్ర కూడా ఇస్తారు. అంటే మీ క్యాన్సర్ డాక్టర్ సరే అంటే కీమో ఆలస్యం కాకుండానే అయిపోతుంది. దాచిన అండాలతో బిడ్డ ఖాయమని మాత్రం ఎవరూ రాసివ్వరు, మీరు డబ్బు పెడుతున్నది ఒక అవకాశం కోసం. కీమోతో పాటు నెలనెలా అండాశయాలకి రక్షణగా ఇచ్చే ఇంజెక్షన్ గురించి కూడా అడగండి, కానీ ఫ్రీజింగ్‌కి బదులు అదే చాలనుకోవద్దు.

పెళ్లి కాలేదు, కుదురుతుందా అని కూడా అడిగారు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టంలో (ఐవీఎఫ్, అండాల ఫ్రీజింగ్ లాంటి సంతాన చికిత్సలకి సంబంధించినది) 21 దాటి 50 లోపు ఉన్న స్త్రీకి పెళ్లయి ఉండాలన్న షరతు లేదు. ఆ చట్టం కింద నమోదైన సెంటరేనా అన్నది మాత్రం చూసుకోండి.

ఇక డబ్బు. హెల్త్ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, సంతానలేమికి సంబంధించిన ఖర్చులు మన పాలసీల్లో మామూలుగా మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. కీమో, ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవలో అవుతాయేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, ఎందుకంటే అటు మిగిలితేనే ఇటు ఊపిరాడుతుంది.

ఎఫ్‌డీ మధ్యలో తీస్తే వడ్డీ పోతుందని నాన్నగారి బాధ. ఎంత పోతుంది? ఒక శాతం కోత అనుకున్నా 1,80,000 మీద ఏడాదికి 1,800. విశాఖ వెళ్లొచ్చే కారు కిరాయికి కూడా రాదు. కొన్ని బ్యాంకులు డిపాజిట్‌లో కొంత భాగమే తీసుకోనిస్తాయి, అడిగి చూడండి, మిగతా 1,20,000 మందులకీ ప్రయాణాలకీ ఉంచండి. పర్సనల్ లోన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. కీమో నెలల్లో మీకు జీతం సరిగ్గా వస్తుందో లేదో తెలియదు, ఈఎంఐ మాత్రం తేదీ తప్పదు. బంగారం అమ్మొద్దు, మరీ ఇరుకైతే తాకట్టు, అదీ బ్యాంకులోనే. పీఎఫ్ అన్నిటికంటే చివర, జబ్బు కారణం చూపి ఆన్‌లైన్‌లోనే అడ్వాన్స్ తీసుకోవచ్చు.

సెంటర్‌లో ఒక్కటి కచ్చితంగా తేల్చుకోండి: ఆ 1,80,000లో అండాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయా, విడిగానా? చాలామంది బోల్తా పడేది అక్కడే, పది రోజుల ఇంజెక్షన్ల బిల్లు చిన్నదేం కాదు. క్యాన్సర్ పేషెంట్లకి తగ్గింపు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

ఏటా కట్టే 25 వేలకి, ఉద్యోగంలో మళ్లీ చేరాక నెలకి 2,100 ఆర్‌డీ వేయండి. కీమో తర్వాత హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు ఐదేళ్లు వాడమంటే, అవి వాడుతుండగా గర్భం కుదరదు కాబట్టి ఈ లెక్క ఐదేళ్లు సాగొచ్చు. గర్భం కోసం మధ్యలో కొంతకాలం మాత్రలు ఆపిన వాళ్ల మీద 2023లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, అప్పటిదాకా చూసినంతలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టలేదని తేలింది. ఎప్పుడు ఆపాలన్నది మీ డాక్టరే చెప్పాలి.

ఎఫ్‌డీ జాయింట్‌గా ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. రేపు బ్యాంకుకి నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, ఆ 1,800 లెక్క దారిలో చెప్పండి.